చలిలో ఆగిన ట్రక్కు: డీజిల్ గడ్డకట్టిన ఒక కేసు, దాని వెనక కారణాలు, నివారణ

చలి ప్రాంతాలకు వెళ్లే మార్గాల్లో పదేపదే కనిపించే రకం కేసు ఇది. వెచ్చని మైదానంలో లోడ్ ఎత్తుకున్న ట్రాక్టర్ ట్రైలర్ సాయంత్రానికి ఎత్తైన చలి ప్రాంతం చేరి, రాత్రి ఆరుబయట ఆగింది. తెల్లవారేసరికి బయట మైనస్ 14 డిగ్రీలు. సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంది. పది నిమిషాలు బాగానే నడిచింది. ఎత్తు ఎక్కే చోట పికప్ పడిపోయి, దడదడలాడి ఆగింది. తర్వాత ఎంత సెల్ఫ్ కొట్టినా పొగ కూడా రాలేదు. పక్కనే అదే రాత్రి ఆగిన అదే మోడల్ రెండో ట్రక్కు మాత్రం ఇబ్బంది లేకుండా వెళ్లిపోయింది.

ఈ రెండు బండ్ల మధ్య తేడా ఇంజన్‌లో లేదు, డ్రైవర్‌లో లేదు. అంతకుముందు రోజు మధ్యాహ్నం, డీజిల్ ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు, ట్యాంకుల్లో ఏముందన్నదే అసలు తేడా. డీజిల్ గడ్డకట్టకుండా చేయగలిగిన పనుల్లో చాలా భాగం అది వెచ్చగా ఉండగానే చేయాలి. చల్లబడ్డాక మిగిలేది మరమ్మతే.

డీజిల్ లోపల జరిగేదేమిటి

డీజిల్‌లో నార్మల్ పారాఫిన్లు అనే పొడవాటి గొలుసు హైడ్రోకార్బన్లు ఉంటాయి. సీటేన్ సంఖ్య, అంటే ఇంజన్‌లో డీజిల్ ఎంత సులువుగా అంటుకుంటుందో చెప్పే కొలత, పెరగడానికి అవి మంచివే, అందుకే రిఫైనరీ వాటిని పూర్తిగా తీసేయదు. చల్లబడే కొద్దీ వాటిలో బరువైనవి ముందుగా కరిగి ఉండలేక మైనపు పలకలుగా బయటపడతాయి. మొదటి స్ఫటికాలు కంటికి కనిపించే ఉష్ణోగ్రతే క్లౌడ్ పాయింట్. అక్కడ డీజిల్ మసకబారుతుంది కానీ ఇంకా పారుతుంది. మరికొంత చల్లబడితే పలకలు ఒకదానికొకటి అల్లుకుని, ద్రవాన్ని మధ్యలో పట్టేసుకుంటాయి. మొత్తం డీజిల్‌లో ఒకటి రెండు శాతం మైనం విడిపోయినా ఈ అల్లిక ఏర్పడటానికి చాలు. డీజిల్ పూర్తిగా కదలకుండా పోయే స్థితి దగ్గర పోర్ పాయింట్ ఉంటుంది.

ట్రక్కు మాత్రం పోర్ పాయింట్ దాకా ఆగదు, అంతకు చాలా ముందే ఫిల్టర్ దగ్గర ఓడిపోతుంది. అందుకే వాడకానికి దగ్గరగా ఉండే కొలత సీఎఫ్‌పీపీ, అంటే ఫిల్టర్ మూసుకుపోయే ఉష్ణోగ్రత. పరీక్షలో 20 మిల్లీలీటర్ల డీజిల్‌ను 45 మైక్రాన్ల జాలీ గుండా స్వల్ప వాక్యూమ్‌తో లాగుతారు. 60 సెకన్లలో నిండకపోతే ఆ ఉష్ణోగ్రత దగ్గర డీజిల్ విఫలమైనట్టు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పరీక్షలోని జాలీ 45 మైక్రాన్లు, బండిలో ట్యాంకు వైపు ముందు వచ్చే ప్రైమరీ ఫిల్టర్ సాధారణంగా 10 నుంచి 30 మైక్రాన్లు, దాని తర్వాతి సెకండరీ ఫిల్టర్ అంతకంటే చాలా సన్నం. పైగా పరీక్షలో డీజిల్‌ను వేగంగా చల్లబరుస్తారు, రాత్రి ఆగిన ట్యాంకు గంటల తరబడి నెమ్మదిగా చల్లబడుతుంది. నెమ్మదిగా చల్లబడితే స్ఫటికాలు పెద్దవవుతాయి. కాబట్టి సీఎఫ్‌పీపీ మైనస్ 15 అని రాసి ఉంటే, మైనస్ 15 వరకు నిశ్చింత అనుకోకూడదు. మూడు నాలుగు డిగ్రీలు చేతిలో ఉంచుకోవడం మంచిది.

యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 590 సమశీతోష్ణ గ్రేడ్లను ఏ నుంచి ఎఫ్ దాకా విభజిస్తుంది. ఏ గ్రేడ్ సీఎఫ్‌పీపీ ప్లస్ 5, డీ గ్రేడ్ మైనస్ 10, ఎఫ్ గ్రేడ్ మైనస్ 20. ఆర్కిటిక్ తరగతులు వేరు, వాటిలో చివరిది మైనస్ 44 దాకా వెళుతుంది. అంటే పంపు మీద డీజిల్ అన్న ఒకే పేరుతో అమ్ముడయ్యే ఇంధనం చోటును, నెలను బట్టి నలభై డిగ్రీలకు పైగా తేడా చూపించవచ్చు.

ఆగిన ట్రక్కు ట్యాంకుల లెక్క

ఈ ట్రక్కుకు ఎడమ, కుడి రెండు ట్యాంకులు, కింద వాటిని కలిపే ఒక పైపు. మైదానంలో బయల్దేరేటప్పుడే దాదాపు నిండుగా ఉన్నాయి. దారిలో చలి ప్రాంతపు పంపు దగ్గరకు వచ్చేసరికి 340 లీటర్ల పాత డీజిల్ మిగిలింది. దాని మీద 160 లీటర్ల వింటర్ గ్రేడ్, అంటే చలికి తగ్గట్టు తయారుచేసిన డీజిల్, పోశారు. వింటర్ డీజిల్ పోశాం కదా, ఇక భయం లేదన్న నమ్మకం అక్కడ పుట్టింది.

పాత డీజిల్ క్లౌడ్ పాయింట్ ప్లస్ 4, కొత్తదానిది మైనస్ 9 అనుకుందాం. సగటు తీస్తే 340 లీటర్లు ప్లస్ 4 దగ్గర, 160 లీటర్లు మైనస్ 9 దగ్గర. మొత్తం 500 లీటర్లకు దాదాపు సున్నా వస్తుంది. నిజానికి సగటు లెక్క కూడా ఆశ ఎక్కువైనదే. మైనంగా ముందు విడిపోయేవి పాత డీజిల్‌లోని బరువైన పారాఫిన్లు, అవి కొత్త డీజిల్‌లో కలిసినంత మాత్రాన మాయం కావు. వింటర్ గ్రేడ్‌లో రిఫైనరీ కలిపిన ఫ్లో ఇంప్రూవర్ (మైనపు పలకలను పెరగనివ్వని మందు) మోతాదు కూడా మూడో వంతుకు పలచబడింది. కాబట్టి ఆ మిశ్రమానికి మైనస్ 14 రాత్రి భరించే శక్తి లేదు.

రెండో ట్రక్కు డ్రైవర్ ట్యాంకులు దాదాపు అడుగంటేదాకా నడిపి, తర్వాత నిండుగా వింటర్ గ్రేడ్ కొట్టించాడు. పాత డీజిల్ వాటా పదో వంతుకు లోపే. దాని ఫిల్టర్ హీటర్ కూడా పనిచేస్తోంది. అంతే.

బండి ముందు ఎందుకు స్టార్టయింది, తర్వాత ఎందుకు ఆగింది

ఇది చాలామందిని తికమక పెట్టే విషయం. నిజంగా గడ్డకట్టి ఉంటే అసలు స్టార్టే కాకూడదు కదా అంటారు. ఫిల్టర్ తర్వాత ఉన్న లైన్లు, పంపు, ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టం (రైల్) లోపల అప్పటికే వడగట్టిన డీజిల్ ఉంటుంది. ఐడిల్‌లో ఇంజన్ తాగేది తక్కువ. లోడ్ మీద ఎత్తు ఎక్కేటప్పుడు అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది. పైగా కామన్ రైల్ పంపు ఇంజన్ కాల్చే దానికంటే ఎక్కువ డీజిల్‌ను లాగి, మిగిలినది రిటర్న్ లైన్‌లో వెనక్కి పంపుతుంది. లాగిన ప్రతి లీటరూ ఫిల్టర్ ముఖం మీద మైనపు పొరను మందం చేస్తుంది. కాబట్టి స్టార్టయి, కొద్ది నిమిషాలు నడిచి, లోడ్ మీద పికప్ తగ్గి ఆగితే మొదటి అనుమానం ఫిల్టర్ మీదే పడాలి. అసలు సెల్ఫే సరిగా తిరగకపోతే అది బ్యాటరీ సంగతి. మైనస్ 18 దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీ శక్తి దాదాపు సగానికి పడిపోతుంది, అదే సమయంలో ఇంజన్ ఆయిల్ చిక్కబడి తిప్పడానికి భారమవుతుంది.

నిర్ధారణ

డయాగ్నస్టిక్ టూల్‌లో పీ0087, అంటే రైల్ ప్రెజర్ తక్కువ అని వచ్చింది. ఈ కోడ్ ఒక్కటే చూసి హై ప్రెజర్ పంపు పోయిందని నిర్ణయించడం ఖరీదైన పొరపాటు. ప్రైమరీ ఫిల్టర్‌కు, ట్యాంకు నుంచి డీజిల్ లాగే లిఫ్ట్ పంపుకు మధ్య వాక్యూమ్ గేజ్ పెట్టి చూడాలి. ఫిల్టర్లు కొత్తగా ఉన్నప్పుడు ఆరు అంగుళాల పాదరసం లోపు ఉండాల్సిన వాక్యూమ్ పదికి పైగా లేస్తుంటే ట్యాంకు వైపు ఏదో మూసుకుంది. మీ ఇంజన్‌కు సరైన హద్దు మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే పట్టుకోండి.

తర్వాత ట్యాంకు కింది డ్రెయిన్ నుంచి శుభ్రమైన గాజు సీసాలోకి కొంచెం పట్టాలి. ఈ కేసులో అది పల్చని పాలలా తెల్లగా వచ్చింది. ప్రైమరీ ఫిల్టర్ విప్పితే మడతల మీద పసుపు కలిసిన తెల్లని మెత్తటి పూత.

ఇక్కడితో ఆగకూడదు. మైనమా, మంచా అన్నది తేల్చాలి, ఎందుకంటే రెండింటికీ మందు వేరు. ఫిల్టర్ ఎలిమెంట్‌ను శుభ్రమైన పళ్లెంలో పెట్టి వెచ్చని గదిలో ఉంచండి. మైనమైతే మెల్లగా కరిగి డీజిల్‌లో కలిసిపోతుంది, పళ్లెంలో పారదర్శకమైన ఒకే ద్రవం మిగులుతుంది. మంచైతే కరిగాక డీజిల్ అడుగున నీటి బొట్లు విడిగా నిలుస్తాయి. నీరు సున్నా దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి, డీజిల్ క్లౌడ్ పాయింట్ ఎంత బాగున్నా మంచు సమస్య రావచ్చు. బయట మైనస్ 2, మైనస్ 3 మాత్రమే ఉండి వింటర్ గ్రేడ్ మీద బండి ఆగితే మైనాన్ని కాదు, నీటిని వెతకాలి.

ఆగిన ట్రక్కులో ప్రైమరీ ఫిల్టర్‌లో ఉన్నది మైనం. కానీ తర్వాత బయటపడినట్టు, మంచు కూడా ఉంది, మరో చోట.

అక్కడ జరిగిన తప్పు పనులు

బండి ఆగాక డ్రైవర్ చేసినవి రెండు. ఆపకుండా సెల్ఫ్ కొట్టాడు. తర్వాత చల్లని ట్యాంకులోకి యాంటీ జెల్ సీసా వంచాడు.

సెల్ఫ్ సంగతి ముందు. హై ప్రెజర్ పంపుకు డీజిలే లూబ్రికేషన్. డీజిల్ రాకుండా తిరిగితే లోపలి భాగాలు రాచుకుని లోహపు రజను పుడుతుంది, అది ఇంజెక్టర్ల దాకా చేరుతుంది. ఫిల్టర్ ధరతో పోయే సమస్య మొత్తం ఇంధన వ్యవస్థ ఖర్చుకు ఎక్కేది ఇక్కడే. 15 సెకన్లకు మించి కొట్టకూడదు. రెండుసార్లకు రాకపోతే ఆపేయాలి.

యాంటీ జెల్ ద్రవం ఎందుకు పనిచేయలేదంటే, అది మైనాన్ని కరిగించే మందు కాదు, సీసాలో దొరికే ఫ్లో ఇంప్రూవరే. ఎక్కువ ఫ్లో ఇంప్రూవర్లు ఇథిలీన్ వినైల్ ఎసిటేట్ రకం పాలిమర్లు. మైనం స్ఫటికంగా మారే క్షణంలో దాని అంచులకు అంటుకుని, పెద్ద పలకగా పెరగనివ్వకుండా చిన్న ముక్కలుగా ఉంచుతాయి. ఆ ముక్కలు ఫిల్టర్ మీద చేరినా మధ్యలో దారి వదులుతాయి. ఇదంతా స్ఫటికం పుట్టేటప్పుడు జరగాలి. పుట్టి అల్లుకుపోయిన పలకలను ఈ పాలిమర్లు విడదీయలేవు. అందుకే డీజిల్ క్లౌడ్ పాయింట్ కంటే కనీసం ఐదారు డిగ్రీలు పైన ఉండగానే కలపాలి. ఇవి క్లౌడ్ పాయింట్‌ను పెద్దగా మార్చవు, సీఎఫ్‌పీపీనే దింపుతాయి. కాబట్టి మందు కలిపిన డీజిల్ మసకబారినా కంగారు పడనక్కర్లేదు.

గడ్డకట్టాక వాడే అత్యవసర ద్రవాలు వేరే రకం, వాటిలో కరిగించే ద్రావకాలు ఉంటాయి. రెండింటినీ ఒకే పని చేసేవిగా భావించడం రోడ్డు మీద చాలా సాధారణం.

మళ్లీ నడిపించిన విధానం

ట్రక్కును లాగి వెచ్చని షెడ్డులోకి చేర్చారు. ఇదే అన్నిటికంటే నమ్మకమైన దారి. ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకుంటే తొందర తగ్గుతుంది. 500 లీటర్లు అంటే సుమారు 415 కిలోల డీజిల్. కిలోకు డిగ్రీకి దాదాపు 2 కిలోజౌళ్ల చొప్పున 25 డిగ్రీలు పెంచడానికి 20,750 కిలోజౌళ్లు, అంటే ఐదున్నర యూనిట్లకు పైగా విద్యుత్తు. మైనం కరగడానికి కొంత, ట్యాంకు లోహానికి, గాలిలో పోయే వేడికి ఇంకొంత. 2 కిలోవాట్ల వేడి గాలి బ్లోయర్‌తో నాలుగైదు గంటలు మామూలు. అరగంటలో అయ్యేది కాదు. సున్నా దాటగానే ఆపకూడదు కూడా. విడిపోయిన మైనం తిరిగి కరగాలంటే క్లౌడ్ పాయింట్ కంటే చెప్పుకోదగ్గ ఎత్తుకు, అంటే ఇక్కడ ప్లస్ 10 దాటి, డీజిల్ వేడెక్కాలి.

షెడ్డు దొరకని చోట ట్యాంకు చుట్టూ టార్పాలిన్ నేల దాకా దింపి, లోపలికి వేడి గాలి వదలవచ్చు. ఫిల్టర్ హెడ్డు మీద గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన గుడ్డ చుట్టవచ్చు. మరుగుతున్న నీళ్లు పోస్తే, డీజిల్ నుంచి నీటిని వేరుచేసే వాటర్ సెపరేటర్ కింది ప్లాస్టిక్ గిన్నె పగులుతుంది. ట్యాంకు కింద మంట పెట్టడం, బ్లో ల్యాంప్ తిప్పడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బ్రేకు గాలి పైపులు, వైరింగ్, టైర్లు అన్నీ అక్కడే ఉంటాయి. ఒక చోట వేడెక్కిన ఆవిరి చాలు మనుషుల ప్రాణం తీయడానికి.

డీజిల్ స్పష్టంగా మారాక సెపరేటర్ గిన్నె నీటిని వదిలి, రెండు ఫిల్టర్లూ మార్చారు. సెకండరీ ఫిల్టర్‌ను డబ్బాలోని డీజిల్‌తో నింపి బిగించకూడదు. వడగట్టని డీజిల్ నేరుగా పంపులోకి పోతుంది. ఖాళీగా బిగించి, హ్యాండ్ ప్రైమర్‌ను (చేత్తో డీజిల్ ఎక్కించే పంపును) గట్టిపడేదాకా కొట్టి, ఎయిర్ తీసి, అప్పుడే సెల్ఫ్. ఇంజన్ అందుకున్నాక పది పదిహేను నిమిషాలు లోడ్ లేకుండా నడపాలి.

అప్పుడు రెండో సమస్య కనిపించింది. కుడి ట్యాంకు ముల్లు దిగుతోంది, ఎడమది కదలడం లేదు. రెండు ట్యాంకులను కలిపే పైపు బండి అడుగున అన్నిటికంటే కిందకు వేలాడుతుంది. నీరు చేరే చోటు అదే, షెడ్డులో వేడి చివరగా అందే చోటూ అదే. దాని వంపులో మంచు బిరడాలా నిలిచింది. గమనించకపోతే కుడి ట్యాంకు ఖాళీ కాగానే దారి మధ్యలో, ఎడమ ట్యాంకు నిండుగా ఉండగానే, బండి మళ్లీ ఆగేది. పైపును వెచ్చబెట్టి, రెండు ట్యాంకుల డ్రెయిన్ బోల్టులు వదిలి నీరు తీశాకే పని పూర్తయింది.

నివారణ: ఎప్పుడు, ఏం చేయాలి

మార్గంలో అతి తక్కువ ఉష్ణోగ్రత ఎంత ఉండబోతోందో ముందు తెలుసుకోవాలి. పగటిది అక్కర్లేదు, తెల్లవారుజామున ఉండేది కావాలి. చల్లగాలి విసురు డీజిల్ ఉష్ణోగ్రతను బయటి గాలి కంటే కిందకు తీసుకుపోదు కానీ, ట్యాంకూ లైన్లూ అక్కడికి త్వరగా చేరేలా చేస్తుంది. గాలి తగలని గోడ పక్కన ఆపితే రాత్రికి కొన్ని గంటలు కలిసివస్తాయి.

చలి ప్రాంతానికి ముందు వచ్చే ఆఖరి వింటర్ గ్రేడ్ పంపు దగ్గరకు ట్యాంకులో ఎంత పాత డీజిల్ తీసుకొస్తారన్నదే అసలు నిర్ణయం. బయల్దేరే చోట నిండుగా కొట్టించే అలవాటు ఇక్కడ ఎదురుతిరుగుతుంది. ఆ పంపు దాకా సరిపడా, కొంచెం మిగులుతో మాత్రమే మైదానంలో పోయించుకోవాలి. అక్కడ నిండుగా. నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ కాబట్టి రాత్రి పట్టే తేమ కూడా తగ్గుతుంది. పోయించుకున్నాక కనీసం ఇరవై నిమిషాలు నడిపితే లైన్లు, ఫిల్టర్లు, రిటర్న్ అన్నీ కొత్త డీజిల్‌తో నిండుతాయి. పంపు పక్కనే రాత్రి ఆపేస్తే ట్యాంకులో వింటర్ గ్రేడ్, ఫిల్టర్‌లో పాత డీజిల్ ఉండిపోతాయి.

ఫ్లో ఇంప్రూవర్ వాడాల్సి వస్తే సీసా మీది నిష్పత్తే చట్టం. వెయ్యికి ఒకటి అని ఉంటే 500 లీటర్లకు 500 మిల్లీలీటర్లు. ముందు మందు పోసి, దాని మీద డీజిల్ కొట్టిస్తే బాగా కలుస్తుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ రక్షణ రాదు, కొన్నిసార్లు ఫలితం చెడుతుంది. సీసాను టూల్ బాక్సులో కాక క్యాబిన్‌లో ఉంచాలి, చలికి ఆ ద్రవమే చిక్కబడుతుంది. అన్ని డీజిళ్లూ ఒకే మందుకు ఒకేలా స్పందించవు. అందుకే సీజన్‌కు ముందే చిన్న పరీక్ష చేయాలి. రెండు గాజు సీసాల్లో 200 మిల్లీలీటర్ల చొప్పున, ఒకదానిలో మందు కలిపి, ఒకదానిలో కలపకుండా, థర్మామీటర్‌తో డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, ఏది ఎప్పుడు మసకబారింది, ఏది ఎప్పుడు వంచినా కదలలేదు అని రాసుకోవాలి. ఇది ల్యాబ్ పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. కానీ మందు ఆ డీజిల్‌పై అసలు పనిచేస్తుందో లేదో చూపిస్తుంది.

కిరోసిన్ కలపడం పాత పద్ధతి. అది క్లౌడ్ పాయింట్‌ను నిజంగానే దింపుతుంది. పది శాతానికి ఒకటి రెండు డిగ్రీల మేర అనుకోవచ్చు. కానీ లూబ్రికేషన్ తగ్గుతుంది, ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకోగలిగే ఉష్ణోగ్రత) పడుతుంది, సల్ఫర్ ఎక్కువున్న కిరోసిన్ పొగ శుద్ధి చేసే క్యాటలిస్ట్‌ను, ఫిల్టర్‌ను పాడుచేస్తుంది. కొత్త ఇంజన్లలో తయారీదారు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప వద్దు. పెట్రోలు పోయడం మాత్రం ఏ ఇంజన్‌లోనూ వద్దు, ట్యాంకు పైభాగంలో పేలే ఆవిరి తయారవుతుంది.

బయోడీజిల్ శాతం కూడా చూసుకోవాలి. పామాయిల్ నుంచి తీసినది పది డిగ్రీలకు పైనే మసకబారుతుంది, సోయా నుంచి తీసినది సున్నా దగ్గర. ఎక్కువ శాతం కలిపిన డీజిల్‌ను చలి మార్గానికి తీసుకెళ్లకపోవడమే మేలు.

ఫిల్టర్ హీటర్ ఉందని కాగితం మీద రాసి ఉండటం వేరు, పనిచేయడం వేరు. 24 వోల్టుల బండిలో 240 వాట్ల హీటర్ 10 ఆంపియర్లు లాగాలి. చల్లని ఉదయం క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే ఒక్క నిమిషంలో తేలుతుంది. సున్నా వస్తే ఫ్యూజు, రిలే, థర్మోస్టాట్ వరుసగా చూడాలి. అన్నిటికంటే ముందు కనెక్టర్. ఫిల్టర్ మార్చినప్పుడు తీసి, తిరిగి పెట్టడం మర్చిపోయిన కనెక్టర్లే ఎక్కువ దొరుకుతాయి. హీటర్ ఫిల్టర్‌ను కాపాడుతుంది కానీ, ట్యాంకులో డీజిల్‌ను లాగే పికప్ పైపు జాలీ దగ్గర మైనం నిలిస్తే దానికి ఏమీ చేయలేదు. ట్యాంకు నిండా వింటర్ గ్రేడ్ ఉన్నప్పుడే హీటర్ అదనపు భద్రత అవుతుంది.

రాత్రంతా ఇంజన్ ఐడిల్‌లో ఉంచడం గురించి తరచూ అడుగుతారు. గంటకు సుమారు 3 లీటర్ల డీజిల్ పోతుంది. ఐడిల్‌లో వెనక్కి వచ్చే రిటర్న్ డీజిల్ వేడి 500 లీటర్లను వెచ్చగా ఉంచేంత కాదు, పొగ ఫిల్టర్‌లో మసి చేరుతుంది. పికప్ పైపు దగ్గర కొంత సాయం దొరకవచ్చు. ముందు ప్లాన్‌గా పెట్టుకోదగ్గది మాత్రం కాదు.

రెండు మూడు రోజులు కదలకుండా ఆగే బండ్లకు ఇంకో చిక్కు ఉంది. విడిపోయిన మైనం నెమ్మదిగా అడుగుకు దిగుతుంది. పికప్ పైపు లాగేది అడుగునుంచే. పైన తీసిన నమూనా తేటగా ఉన్నా కింద మైనం పేరుకుని ఉండవచ్చు, అందుకే నమూనా ఎప్పుడూ అడుగు డ్రెయిన్ నుంచే తీయాలి.

క్యాబిన్‌లో ఉండాల్సినవి: ఆ మోడల్‌కు సరిపోయే ప్రైమరీ, సెకండరీ ఫిల్టర్లు ఒక్కోటి, వాటి సీల్ రింగులు, ఫిల్టర్ రెంచ్, అత్యవసర ద్రవం ఒక సీసా, నమూనా పట్టే గాజు సీసా, టార్చి, డీజిల్ తగలని చేతి తొడుగులు. మైనస్ 14లో డీజిల్ తడిసిన చేతికి మంచు కాటు చాలా త్వరగా తగులుతుంది. డీజిల్ ఆ ఉష్ణోగ్రతలోనూ గడ్డకట్టకుండా చర్మాన్ని అంటుకుని చల్లబరుస్తూనే ఉంటుంది.

చివరగా, డాష్ మీద యాడ్‌బ్లూ (పొగ శుద్ధికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రవం) హెచ్చరిక వెలిగితే దాన్ని డీజిల్ సమస్యతో కలపకండి. యాడ్‌బ్లూ మైనస్ 11 దగ్గర గడ్డకట్టడం దాని సహజ గుణం. ఇంజన్ వేడెక్కే కొద్దీ దాని హీటర్లు కరిగిస్తాయి, అది కరిగేలోపు ఇంజన్ నడిచేలాగే వ్యవస్థను రూపొందించారు. దానిలో ఏ యాంటీ జెల్ ద్రవమూ పోయకూడదు. పోస్తే క్యాటలిస్ట్ పాడవుతుంది.